అలల కొలనా, అసలు సముద్రమా? నల్లగొండ, పాలమూరు నుంచి సర్ఫింగ్‌కి బయల్దేరేవారికి

సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిన ఊళ్లు మనవి. సాగర్ గేట్లు ఎత్తినప్పుడు, జూరాల నిండినప్పుడు నీళ్ల హోరు వింటాం కానీ, అల మీద నిలబడే వీలు ఇంటి దగ్గర లేదు. అయినా సర్ఫింగ్ గురించి అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. మెల్‌బోర్న్‌లో చదువుకునే తమ్ముడు అక్కడి సర్ఫ్ పార్కు వీడియో పంపుతాడు. అబుధాబిలో పనిచేసే బావ "ఇక్కడ మిషన్లతో అలలు పుట్టిస్తున్నరు, నువ్వొస్తే పోదాం" అంటాడు. వెళ్లాలా, అంత డబ్బు పెట్టడం దండగా అన్నది ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెప్తాను. అలల కొలను కోసమే విమానం ఎక్కడం దండగ. వేరే పని మీద ఎలాగూ ఆ ఊరు వెళ్తుంటే మాత్రం ఒక పూట దానికి కేటాయించండి, బాధపడరు. మొదటి పాఠం సముద్రంలోనే నేర్చుకుంటే మంచిది. అయితే ఈ మాట అందరికీ వర్తించదు. కొందరికి కొలనే సరైన మొదలు.

## దేన్ని బట్టి తేల్చుకోవాలి

అన్నిటికంటే ముందు ఈత. మనలో చాలామంది ఈత నేర్చుకున్నది వ్యవసాయ బావిలో, నడుముకి సొరకాయ బుర్రో బెండ్లో కట్టుకుని. ఆ ఈత గట్టిదే, కానీ బావి నీళ్లు కదలవు. సర్ఫింగ్‌లో పడినప్పుడు అల నెత్తిమీద కూలుతుంది, చీలమండకి కట్టిన తాడుని బోర్డు ఒకవైపు లాగుతుంటుంది, పైన ఏదో కింద ఏదో తెలియని రెండు మూడు సెకన్లు ఉంటాయి. ఆ కాసేపు ఊపిరి బిగబట్టి కంగారుపడకుండా ఉండటం బావిలో రాదు. మీకు ఈత ఎంతవరకు వచ్చో నిజాయితీగా లెక్క వేసుకున్నాకే మిగతా విషయాలు.

తర్వాత, గంటలో మీకు ఎన్ని అలలు దక్కుతాయన్నది. సర్ఫింగ్‌లో ఎక్కువ సమయం పడుకుని చేతులతో నీళ్లు తోయడానికీ, ఎదురుచూడటానికీ పోతుంది. నిలబడేది సెకన్లలోనే. నేర్చుకోవడమంటే ఆ సెకన్లను పోగుచేసుకోవడమే.

ఖర్చు విషయంలో చాలామంది సెషన్ టికెట్ ధర ఒక్కటే చూస్తారు. వీసా, విమానం, బస, వెట్‌సూట్ (నీళ్లలో చలి తగలకుండా వేసుకునే బిగుతు సూటు) అద్దె అన్నీ కలిపి, దాన్ని మీరు నీళ్లలో గడిపే గంటలతో భాగించి చూడండి. అప్పుడు లెక్క పూర్తిగా మారిపోతుంది.

ఇంకొకటి, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది: అక్కడ నేర్చుకున్నది మరో చోట పనికొస్తుందా? నెల కూడా చూసుకోవాలి. కొలనుకి రుతువుతో పెద్దగా పని లేదు. సముద్రానికి మాత్రం రుతువే అన్నీ.

## వేవ్ పూల్ అంటే అన్నీ ఒకటి కాదు

"అన్నా, వండర్‌లాల వేవ్ పూల్ ఉంది గదా, దాంట్లనే నేర్చుకోవచ్చు గదా" అని మా పిల్లల్లో ఒకడు అడిగాడు. కుదరదు. రావిర్యాల వండర్‌లాలోగానీ, నెక్లెస్ రోడ్డు జలవిహార్‌లోగానీ ఉన్నవి జనం ఎగిరి గంతులేసే కొలనులు. ఆ అలలు మనిషిని పైకీ కిందికీ ఊపుతాయి. బోర్డుని ముందుకు మోసుకుపోయేలా ఒక పక్క నుంచి వరసగా విరగవు. బోర్డు తీసుకుని దిగనివ్వరు కూడా.

రెండో రకం ఫ్లోరైడర్. దుబాయ్‌లో బుర్జ్ అల్ అరబ్ పక్కన ఉన్న వైల్డ్ వాడీలో, కొన్ని పెద్ద క్రూయిజ్ ఓడల మీద కనిపిస్తుంది. వంపు తిరిగిన మెత్తటి గచ్చు మీదికి పంపులతో పలచటి నీటి పొరను వేగంగా ఎగదన్నుతారు. అల కదలదు, మీరు దాని మీద నిలబడి బ్యాలెన్స్ చేసుకోవాలి. సరదాగా ఉంటుంది, పిల్లలకు మరీ నచ్చుతుంది. కానీ నీళ్లు తోసుకుంటూ వెళ్లడం, అలను పట్టడం అన్నవే ఇందులో లేవు. ఇది సర్ఫింగ్‌కి దూరపు చుట్టమే. వాటర్ పార్కు టికెట్‌లో భాగంగా వస్తే ఆడండి, దీనికోసం ప్రత్యేకంగా ప్లాన్ వేసుకోకండి.

మూడోది అసలైన సర్ఫ్ కొలను. మనం మాట్లాడుకునేది దీని గురించి.

| ఎంపిక | ఒక గంటలో అలలు | ఖర్చు | సముద్రంలో పనికొస్తుందా | అనువైన నెలలు |
|---|---|---|---|---|
| సర్ఫ్ కొలను (మెల్‌బోర్న్, సిడ్నీ, అబుధాబి) | లెక్క ప్రకారం, వంతు వస్తుంది | బాగా ఎక్కువ | నిలబడటం, తిప్పడం వరకు | ఏడాదంతా, చలి ఊళ్లలో వెట్‌సూట్ తప్పదు |
| ఫ్లోరైడర్ | అల ఆగదు | పార్కు టికెట్ | చాలా తక్కువ | ఏడాదంతా |
| విశాఖ రుషికొండ | ఆ రోజు సముద్రాన్ని బట్టి | అన్నిటికంటే తక్కువ | పూర్తిగా | తుఫాను రోజులు వదిలేసి |
| చెన్నై దగ్గరి కోవలం | సముద్రాన్ని బట్టి | తక్కువ | పూర్తిగా | ఈశాన్య రుతుపవనాలు వదిలేసి |
| మంగళూరు దగ్గరి ముల్కి | అంతే | తక్కువ | పూర్తిగా | వానాకాలం పోయాక, అక్టోబరు నుంచి మే వరకు |
| శ్రీలంక వెలిగామ | నిలకడగా | మధ్యస్థం | పూర్తిగా | నవంబరు నుంచి ఏప్రిల్ |

## సర్ఫ్ కొలను: ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు

అల పుట్టించే పద్ధతిని బట్టి అనుభవం మారిపోతుంది, కాబట్టి అది కాస్త తెలుసుకుని వెళ్లడం మంచిది. 2015 డిసెంబరులో సర్ఫింగ్ ప్రపంచ ఛాంపియన్ కెల్లీ స్లేటర్ కాలిఫోర్నియాలోని లెమూర్ దగ్గర తన కొలనుని చూపించినప్పుడు అందరూ నోరెళ్లబెట్టారు. అది సముద్రతీరం కాదు, పొలాల మధ్య ఉన్న ఊరు. పట్టాల మీద పరుగెత్తే యంత్రం నీటిలో ఒక పెద్ద రెక్కను లాక్కుంటూ పోతే అల లేస్తుంది. ఆ అల పొడవుగా, తీర్చిదిద్దినట్టు ఉంటుంది. కానీ ఒకటి వెళ్లాక నీళ్లు సర్దుకోవడానికి నిమిషాలు ఆగాలి. అందుకే ధర ఆకాశంలో ఉంటుంది. అబుధాబి హుదైరియాత్ దీవిలో 2024లో మొదలైన సర్ఫ్ అబుధాబి కూడా ఇదే పద్ధతి. అక్కడ వాడేది ఉప్పునీరే. 2025 ఫిబ్రవరిలో ప్రపంచ సర్ఫ్ లీగ్ పోటీ కూడా అక్కడ జరిగింది.

స్పెయిన్ కంపెనీ వేవ్‌గార్డెన్ పద్ధతి వేరు. కొలను మధ్యలో ఒక పొడవాటి గోడ ఉంటుంది. దాని లోపల వరసగా అమర్చిన మోటారు రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి నీటిని నెడతాయి. గోడకి ఒక పక్క ఎడమ అల, మరో పక్క కుడి అల. గంటకు వెయ్యి అలల వరకు పుట్టించగలమని కంపెనీ చెప్తుంది. మెల్‌బోర్న్‌లో 2020 జనవరిలో తెరిచిన అర్బన్‌సర్ఫ్, స్విట్జర్లాండ్‌లో సియోన్ దగ్గరి అలాయా బే, దక్షిణ కొరియాలో సిహంగ్ వేవ్ పార్క్ ఈ రకానివే. గాలి గదుల్లోంచి ఒత్తిడితో నీటిని నెట్టే మూడో పద్ధతి కూడా ఉంది, అమెరికాలో టెక్సస్‌లోని వాకోలో అది ఉంది.

మెల్‌బోర్న్ పార్కు టలమరీన్ విమానాశ్రయం పక్కనే. అక్కయ్యనో తమ్ముడినో చూడటానికి వెళ్లేవాళ్లకి ఇంతకంటే దగ్గర ఇంకేం కావాలి. అక్కడ నీళ్లలో ఎలా ఉంటుందో చెప్తాను. గోడ పక్కన బోర్డుల మీద కూర్చుని అందరూ వరసలో ఆగుతారు. ఎవరి వంతు వాళ్లదే, తోసుకోవడం ఉండదు. కాసేపటికి గోడ లోపల నుంచి మోటార్ల గరగర మొదలవుతుంది. మీ కింద నీళ్లు కొంచెం దిగినట్టు అనిపిస్తుంది, వీపు వెనక నుంచి నీటి గోడ లేస్తుంది. గట్టిగా రెండు మూడు సార్లు చేతులతో తోయాలి. బోర్డు తనంతట తాను జారడం మొదలైందని పొట్టకి తెలుస్తుంది, ఆ క్షణంలోనే లేవాలి. ఒక్క అర సెకను ఆలస్యమైతే బోర్డు ముక్కు నీటిలో గుచ్చుకుని మీరు బోర్లా పడతారు. పడ్డా ఫరవాలేదు, ఇంకాసేపట్లో సరిగ్గా అలాంటి అలే మళ్లీ వస్తుంది.

కొలను గొప్పతనమంతా ఇదే. ఒకే అల, మళ్లీ మళ్లీ. తప్పు ఎక్కడ జరుగుతోందో తెలుస్తుంది. సముద్రంలో ఏ రెండు అలలూ ఒకలా రావు కాబట్టి పడితే తప్పు మీదో అలదో కొత్తవాళ్లకి అర్థం కాదు. నిలబడటం వచ్చి, పక్కకు తిప్పడం దగ్గర ఆగిపోయినవాళ్లకి కొలనులో ఒక గంట, సముద్రంలో వారం పనికి సమానం అని నేను నమ్ముతాను.

ఇవ్వనిది ఏమిటంటే, సముద్రం చదవడం. అల ఎక్కడ విరుగుతుంది, నీళ్లు ఎటు లాగుతున్నాయి, ఎక్కడ కూర్చుంటే దొరుకుతుంది, ఎప్పుడు బయటికి రావాలి. ఇవేవీ కొలను నేర్పదు, ఎందుకంటే అక్కడ అన్నీ ముందే తేల్చి పెట్టి ఉంటాయి. ఖాళీ గ్రౌండులో బండి నేర్చుకున్నవాడు నేరుగా ఎల్బీనగర్ చౌరస్తాలోకి వస్తే ఎంత తడబడతాడో, కొలనులో నేర్చుకుని రుషికొండలో దిగినవాడూ అంతే.

కొన్ని చిన్న విషయాలు కూడా ఉన్నాయి. చాలా కొలనుల్లో ఉండేది మంచినీరు. ఉప్పునీటి కంటే తేలించే శక్తి తక్కువ కాబట్టి బోర్డు కాస్త లోపలికి దిగుతుంది. మీకు అలవాటైన దానికంటే కొంచెం లావుపాటి బోర్డు అడగండి. అడుగు గట్టిగా ఉంటుంది, లోతు తక్కువ. తలకిందులుగా దూకకుండా వెల్లకిలా, చేతులతో తల కప్పుకుని పడటం అలవాటు చేసుకోవాలి. మెల్‌బోర్న్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు శీతాకాలం, నీళ్లు చల్లగా కొరుకుతాయి. నవంబరు తర్వాత వెళ్తే హాయిగా ఉంటుంది.

నీటి శుభ్రత కూడా అడిగి తెలుసుకోండి. మెదడుని తినే అమీబా గురించి కేరళ వార్తల వల్ల మనవాళ్లకీ తెలిసింది. 2018లో వాకోలో సర్ఫ్ కొలను ఉన్న ఆ రిసార్ట్‌కి వెళ్లివచ్చిన ఒక యువకుడు ఆ ఇన్ఫెక్షన్‌తోనే చనిపోయాడు. ఆ తర్వాత అక్కడ కొత్త ఫిల్టర్లు పెట్టాకే మళ్లీ తెరిచారు. వడపోత, క్లోరిన్ గురించి అడిగితే సూటిగా జవాబు చెప్పని చోట దిగకండి.

యంత్రం ఆగిపోతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. వేల్స్‌లో 2015లో తెరిచిన సర్ఫ్ స్నోడోనియా సాంకేతిక లోపాలతో విసిగి 2023లో సర్ఫింగ్‌ని పూర్తిగా ఆపేసింది. మీ సెషన్ రోజున మిషన్ ఆగితే డబ్బు వెనక్కిస్తారా, వేరే రోజు ఇస్తారా అన్నది ముందే చూసుకోవాలి. మూడు రోజుల ట్రిప్‌లో వేరే రోజు అంటే అసలు లేనట్టే.

మన జిల్లాల్లోనే ఒకటి కడితే బాగుండునని కొందరంటుంటారు. నాకు ఆ ఆలోచన నచ్చదు. ఒక్క కొలను నింపడానికే కోట్ల లీటర్ల నీళ్లు కావాలి, మన ఎండలకి ఆవిరయ్యేది వేరే. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంకర్లు పోయిన మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్లను, బోర్లు ఎండి ముంబయికి బస్సెక్కిన పాలమూరు కుటుంబాలను చూసినవాళ్లం మనం.

## సముద్రం: దగ్గర్లోనివి

విశాఖ మనకు అన్నిటికంటే సులువు. నల్లగొండ, మిర్యాలగూడలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు. మహబూబ్‌నగర్ నుంచి కూడా విశాఖకి నేరుగా బండి ఉంది. రుషికొండలో సర్ఫింగ్ నేర్పేవాళ్లున్నారు, భాష ఇబ్బంది లేదు. తెలుగులో "ఇప్పుడు లే" అని వినిపిస్తే కాళ్లు త్వరగా లేస్తాయి, ఇది చిన్న విషయం కాదు. ఒక్క హెచ్చరిక: బోర్డు చేతిలో ఉంది కదా అని ఆర్కే బీచ్‌లో సొంతంగా దిగకండి. ఒడ్డు నుంచి లోపలికి లాగే నీటి పాయలు అక్కడ ఎంతోమందిని మింగాయి. అలాంటి పాయలో చిక్కుకుంటే ఒడ్డు వైపు పోరాడకుండా ఒడ్డుకి సమాంతరంగా పక్కకు ఈదాలి. నల్లగొండవాళ్లకి అలవాటైన సూర్యలంక, ఓడరేవు కూడా స్నానానికి వెళ్లే చోట్లే. శిక్షకుడు లేకుండా అక్కడ బోర్డు వేసుకుని దిగమని నేను చెప్పను.

కోవలం అంటే ఇక్కడ కేరళది కాదు, చెన్నైకి దక్షిణంగా ఈసీఆర్ రోడ్డు మీద ఉన్న మత్స్యకారుల ఊరు. చెన్నై వెళ్లే బండి నల్లగొండ మీదుగానే పోతుంది, అక్కడి నుంచి సిటీ బస్సో క్యాబో. ఈ ఊరి కుర్రాళ్లు పుట్టినప్పటి నుంచి ఆ నీళ్లలో ఉన్నవాళ్లు, ఇప్పుడు వాళ్లే శిక్షకులు. పక్కనే ఉన్న మహాబలిపురంలో 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ ఛాంపియన్‌షిప్స్ జరిగాయి, రమేశ్ బుదిహాల్ మన దేశానికి కాంస్యం తెచ్చాడు. సెషన్‌కి బోర్డుతో సహా సాధారణంగా రెండు వేలకు అటూ ఇటూ అవుతుంది. నాలుగైదు రోజులు ఉండగలిగితే నా మొదటి ఓటు దీనికే.

పాలమూరువాళ్లకి ముల్కి కూడా బాగుంటుంది. కాచిగూడ నుంచి మంగళూరు వైపు వెళ్లే బండి మహబూబ్‌నగర్ మీదుగా పోతుంది, వారానికి రెండు రోజులే కాబట్టి తేదీలు చూసుకోవాలి. మన దేశంలో సర్ఫింగ్ వేళ్లూనుకున్న చోట్లలో ఇదొకటి. నది సముద్రంలో కలిసే చోటు, రద్దీ తక్కువ. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మాత్రం ఆ వైపు చూడకండి, అరేబియా సముద్రం అప్పుడు కొత్తవాళ్లది కాదు.

శ్రీలంకలోని వెలిగామ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇసుక అడుగు, నెమ్మదైన అలలు, వరుసగా బోర్డు అద్దె దుకాణాలు. పాస్‌పోర్టు ఉండి వారం సెలవు దొరికితే, అబుధాబిలో ఒక సెషన్‌కి పెట్టే ఖర్చుతో ఇక్కడ మీకు నీళ్లలో గంటలు ఎక్కువ దక్కుతాయి.

## మీరు ఎలాంటివారైతే ఏది

ఆస్ట్రేలియాలో చదువుకుంటున్న పిల్లలకి కొలను మంచి పెట్టుబడి. కానీ మొదట విక్టోరియా తీరంలో టోర్కీ లాంటి చోట శిక్షకుడి దగ్గర రెండు మూడు పాఠాలు తీసుకోండి, ఆ తర్వాత కొలనులో పదును పెట్టుకోండి. వరస తిరగేస్తే డబ్బు ఎక్కువ పోతుంది.

పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు, యాభై దాటినవాళ్లు, సముద్రమంటే జంకేవాళ్లు: మీకు కొలనే మొదలు. కొలను చివర నురుగు మాత్రమే వచ్చే బిగినర్ భాగం ఉంటుంది. లోతు నడుము వరకే, పక్కనే శిక్షకుడు, లైఫ్‌గార్డు. చీర కట్టుకునే అమ్మలకి అక్కడి వెట్‌సూట్ ఒళ్లంతా కప్పుతుంది కాబట్టి బట్టల గురించి టెన్షన్ అక్కర్లేదు. నేను చూసినవాళ్లలో, మోకాళ్ల మీద బోర్డు తోలుకుంటూ ఒడ్డుకి చేరిన పెద్దవాళ్ల ముఖాల్లో ఉన్న సంతోషం కుర్రాళ్లకి తీసిపోదు.

గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు, అబుధాబి మీదుగా అమెరికా వెళ్లేవాళ్లు పెద్ద అల సెషన్ జోలికి పోకండి. దాని ధర, దానికి కావాల్సిన నేర్పు రెండూ ఎక్కువ. బిగినర్ సెషన్ ఉంటే తీసుకోండి. ట్రాన్సిట్‌లో కొద్ది గంటలే ఉంటే వీసా, క్యాబ్, లగేజీ హడావుడిలో ఆ పూట అయిపోతుంది, అప్పుడు మానేయడమే నయం.

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, లాంగ్ వీకెండ్ మాత్రమే దొరికే కుర్రాళ్లకి విశాఖ. ఆలోచించనక్కర్లేదు.

ఇద్దరు పిల్లలతో నలుగురి కుటుంబం విదేశీ టూర్‌కి వెళ్తుంటే, పెద్దవాళ్లు ఒక్కరే సర్ఫ్ సెషన్ కొనుక్కుని మిగతావాళ్లు ఒడ్డున కూర్చోవడం కంటే, అందరూ ఆడే వాటర్ పార్కే మేలు. నలుగురికీ సెషన్లు కొంటే ఆ డబ్బుతో కోవలంలో అదే కుటుంబం మూడు రోజులు ఉండి రావచ్చు.

ఈత అస్సలు రానివాళ్లు ఎక్కడికి వెళ్లినా ముందు ఈత నేర్చుకోండి. జిల్లా కేంద్రంలో స్విమ్మింగ్ పూల్ అందుబాటులో ఉంటే నెల చాలు. సాగర్ ఎడమ కాలువలో మాత్రం ప్రాక్టీసు చేయకండి. నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి, అంచులు నున్నటి సిమెంటు, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ప్రతి ఎండాకాలం అక్కడి నుంచి వచ్చే వార్తలు మనకు తెలిసినవే.

## బయల్దేరే ముందు ఇంట్లో

చాప మీద బోర్లా పడుకుని, అరచేతులు పక్కటెముకల దగ్గర ఆనించి, ఒక్క ఊపులో రెండు కాళ్లూ కిందికి తెచ్చుకుని లేవడం రోజూ పది నిమిషాలు చేయండి. ఏ కాలు ముందు పడుతోందో గమనించండి. ఎడమ కాలు ముందుకొస్తే రెగ్యులర్, కుడి కాలు వస్తే గూఫీ అంటారు. కొలనులో కుడి అల, ఎడమ అల విడివిడిగా బుక్ చేసుకోవాలి కాబట్టి ఇది తెలియకుండా టికెట్ కొనకండి. మొదటిసారి రెగ్యులర్‌వాళ్లకి కుడి అల, గూఫీవాళ్లకి ఎడమ అల సులువు, ఎందుకంటే అలకి ముఖం పెట్టి నిలబడతారు. లెవెల్ ఎంచుకునేటప్పుడు ఒక మెట్టు కిందిదే తీసుకోండి, పై మెట్టుది తీసుకుంటే సగం అలలు పట్టలేక వంతులు పోతాయి. బిగినర్ సెషన్‌లో శిక్షకుడు టికెట్‌లోనే ఉన్నాడో, విడిగా కట్టాలో చూసుకుని అప్పుడు డబ్బు కట్టండి.